రెక్కల పొట్టేలు

"ఏం పుస్తకమిచ్చినావు మేడమ్ మా పాపకు?" అంటూ సుంకప్ప ఆ నవలను టీచరు బల్ల మీద ఠపీమని పెట్టాడు.

టీచరు యామిని అట్ట చూసి కంగారుపడింది. బడికి కొత్తగా తెప్పించిన పిల్లల నవలల్లో ఆమె ఏరి ఏరి ఇచ్చిన మొదటి పుస్తకం అదే. రెక్కలొచ్చిన పొట్టేలొకటి మబ్బుల్లో తప్పిపోయి, గద్దలతో పోట్లాడి మందకు తిరిగొచ్చే కథ. ఆరో తరగతి శివజ్యోతి తిండి కూడా మాని చదివింది. ఇప్పుడు ఆ పిల్ల తండ్రి కళ్లెర్రజేసుకుని వచ్చాడు. ఇతను పుస్తకాలు వద్దంటే ఊరంతా వద్దంటుంది, కొత్త అలమరాకు తాళం పడుతుంది.

"ఏమైందన్నా? కూర్చో ముందు."

"కూచునేదానికి పొద్దు యాడుండాది? రేపు ఊరి దేవర జాతర. అమ్మకు కోసి చుట్టాలకు పెడదామని పొట్టేలును మేపినా. ఇప్పుడు కథలో మాదిరి దాని పేరు మబ్బన్నంట! పేరు పెట్టినదాన్ని ఎట్ట కోసేది? కొట్టంలో కాళ్లు చాపుకోని నా జొన్నలు మేస్తాండాది."

యామినికి నవ్వు తన్నుకొచ్చింది. పెదవి కొరికి ఆపుకుంది. పాపం, ఆయన బాధ ఆయనది!

"మరి చుట్టాలకు?"

"కోళ్లు కోస్తా. మొక్కు వచ్చే యేడు తీరుస్తానని అమ్మకు దండం పెట్టుకున్నా." అంతలోనే బల్ల మీదున్న ఇంకో పుస్తకం అట్ట చూసి సుంకప్ప ఉలిక్కిపడ్డాడు. "ఇదేంది? కోడిపెట్ట మాదిరుండాదే!"

ఒంటరిగా నల్లమల దాటిన కోడిపెట్ట కథ అది. శివజ్యోతి కోసమే తీసి పెట్టింది. యామిని గబుక్కున దాన్ని సొరుగులోకి తోసేసింది.

"ఇది పాపకు ఇవ్వనులే అన్నా. పులి కథ ఇస్తా. కథ వేరు, కూర వేరు అని నేనే నచ్చజెప్తా. పుస్తకాలు మాత్రం మాన్పించొద్దు."

"మాన్పిచ్చేదేంది మేడమ్? దానికి కోడి కథే ఇయ్యి. అది కథా సదువుతాది, కూరా రెండుసార్లు పెట్టిచ్చుకుంటాది." సుంకప్ప సిగ్గుపడుతూ తల గోక్కున్నాడు. "నాకు మాత్రం పొట్టేలు కథ మాదిరి సదివి ఇనిపియ్యొద్దని చెప్పు తల్లీ. కత్తి పట్టుకుంటే చెయ్యాడనిది నాకే!"