చీకటిగది గీతలు

మూడోసారీ జెల్ చెడితే సారా రెండేండ్ల పని గోవిందా!

కరువులో ఆకు వాడని శనక్కాయ చెట్టు ఆమెకు ఒక్కటే దొరికింది. అదీ పోయిన నెల చచ్చింది. దాని డీఎన్‌ఏ సీసా అడుగున ఒక్క బొట్టు మిగిలింది.

ఆ బొట్టు గుట్టు తెలియాలంటే, దాన్ని గీతలుగా విడదీసే అగరోజ్ జెల్, అంటే సముద్రపు నాచు పొడితో కాచి పోసే జెల్లీ పలక, బాగా కుదరాలి. పొద్దున్నుంచి రెండుసార్లు కాచింది. రెండుసార్లూ ఉండలే. పొడి ఇంకొక్కసారికే ఉంది, బొట్టు రేపటిదాకా నిలవదు.

అప్పుడే ల్యాబ్ వాకిట్లో ఒక ముసలామె నిలబడింది.

"మట్టి పరీక్షైతే పక్క బిల్డింగవ్వా."

"మట్టి కాదు పాపా. ఆ చీకటిగదిలో గీతలు వెలుగుతాయంట కదా, ఒకసారి చూపిస్తావా? కండ్లకు పొర కమ్ముతాండాది."

"అదేమన్నా సినిమానా అవ్వా? బయటోళ్లను రానీరు."

ముసలామె నొచ్చుకోలేదు. సారా చేతిలోని ఉండల సీసా చూసింది.

"వేడినీళ్లల్లో పొడి కుమ్మరిస్తే ఉండ కట్టదా? సల్లనీళ్లల్లో సల్లి, నాననిచ్చి, అప్పుడు కాచు. సీసా చేత్తో పట్టుకునేంత ఆరినాక పొయ్యి. గట్టిపడేదాకా బల్ల కదిలించొద్దు."

"నీకెట్ల తెలుసు?"

"రంజాన్‌కు చైనా గ్రాస్ మిఠాయి చేయమా ఏమి? అదీ ఇట్లాంటి నాచు పొడే." అని నవ్వింది. "మూడింటి బస్సు దాకా ఈడ బెంచీ మీద ఉంటాలే."

సారాకు సొంతూరు తనకల్లు గుర్తొచ్చింది. పక్కింటి షాహిదా వాళ్లమ్మ గోడ మీదుగా అందించే ప్లేటు, అందులో వణికే తెల్లటి ముక్కలు, గులాబీ వాసన. అబ్బా, ఎంత కాలమైంది!

అవ్వ చెప్పినట్లే చేసింది. జెల్ అద్దం మాదిరి వచ్చింది. బొట్టు వేసి, కరెంటు పెట్టి, గంటసేపు కాచుకునింది. చీకటిగదిలో దీపం వేస్తే నారింజ రంగులో ఐదు గీతలు!

"వచ్చినాయి! వచ్చినాయి!" అని గంతేసింది.

అవ్వకు చూపిస్తే నా సొమ్మేం పోతుంది అనుకుని వరండాలోకి ఉరికింది.

బెంచీ ఖాళీ. టైము మూడుంబావు.

సారాకు సిగ్గేసింది. గైడు బసప్ప సార్‌కు జరిగిందంతా చెప్పింది.

ఆయన కండ్లద్దాలు తీసి బల్ల మీద పెట్టినాడు.

"ఖాతూన్‌బీ వచ్చిందా! ఈడ గాజుసామాన్లు కడిగేదమ్మా. నా థీసిస్‌లో ప్రతి జెల్లూ ఆమె పోసిందే. మేము లోపల తలుపేసుకుని 'వచ్చినాయి' అని అరుస్తాంటే, బయట ట్రేలు కడుక్కుంటా ఆమె కూడా నవ్వేది."

అద్దాలు తీసుకుని చొక్కా అంచుతో తుడిచినాడు.

"ముప్పై ఏండ్లు పోసింది తల్లీ, ఒక్క గీత కూడా ఆమెకు మేము చూపించలేదు."