నలభై మూడు ఎడమ చేతులు

"నలభై మూడూ నేనే తీసుకుంటాను. ధర మీరే చెప్పండి," అంది ఎగ్జిబిషన్లు పెట్టే ఆవిడ.

బల్ల వెనక కూర్చున్న కలప అడితి యజమాని ఉలిక్కిపడ్డాడు. ఇరవై ఆరేళ్ల వ్యాపారంలో ఇంత తెలివితక్కువ మాట ఏ కొనుగోలుదారు నోటా వినలేదు. బావమరిది సరదాకి ఫోనులో పెట్టిన ఫొటోలు చూసి, కారేసుకుని మరీ వచ్చిందీవిడ. అలాంటి బేరాన్ని చెడగొట్టడానికి ఒక్కడు చాలు. ఆ ఒక్కడూ ఎదురుగానే నిలబడి ఉన్నాడు.

"ఇవి అమ్మేవి కావమ్మా," అన్నాడు వడ్రంగి, రెండు చేతులూ జోడించి.

యజమానికి ఒళ్లు మండిపోయింది.

ఈ వడ్రంగి ఒకప్పుడు రంపం మిషను నడిపేవాడు. అంత వేగంగా దుంగ కోసేవాడు చుట్టుపక్కల ఏ అడితిలోనూ లేడు. పదకొండేళ్ల కిందట ఒకరోజు స్విచ్చు దగ్గర నుంచి తప్పుకున్నాడు. ఇక ముట్టుకోనన్నాడు. ఆ రోజు సంగతి యజమాని మళ్లీ ఎత్తలేదు. పోయిన సరుకు గురించి మాట్లాడేవాడు వ్యాపారానికి పనికిరాడని ఆయన నమ్మకం. వెనక రేకుల షెడ్డులో తలుపుల పిడులు చేసుకోమన్నాడు.

అదిగో, అక్కడ పట్టింది ఈ కళ పిచ్చి. మధ్యాహ్నం అందరూ తిని ఓ కునుకు తీస్తుంటే ఈ మహానుభావుడు చేతులు చెక్కుతాడు. ఒక్కో చేతికీ మూడు నెలలు. ఆ టైములో ఎన్ని పిడులు తయారయ్యేవో యజమాని బొటనవేలితో కణుపులు లెక్కపెట్టి చెప్పగలడు. చాలాసార్లు చెప్పాడు కూడా. అలా లెక్కపెడుతున్నంతసేపూ వడ్రంగి రెప్ప వెయ్యకుండా ఆ వేళ్లకేసే చూసేవాడు. బుర్రకి మాత్రం ఏదీ ఎక్కేది కాదు.

"పోనీ, వెళ్లి చూద్దాం రండి. వాడు చెప్పేదేంటి, చెక్క నాది," అంటూ లేచాడు యజమాని.

ముగ్గురూ షెడ్డులోకి నడిచారు. గోడ పొడవునా అరలో వరసగా చేతులు. నలభై మూడూ ఎడమవే.

"కుడిది చెయ్యడం రాదమ్మా," అన్నాడు యజమాని. "విద్య సగంలోనే ఆపేశాడు."

అరలోంచి ఒకటి తీసి ఆవిడకి అందించాడు.

"చూశారా, బరువే లేదు. అడితి నిండా టేకు పెట్టుకుని బెండులాంటి చెక్క ఏరుకుంటాడు. అదీ చాలక, లోపలంతా తొలిచేస్తాడు. మా బావమరిది అంటుంటాడు, వీడి తలకాయకి ఇది అచ్చు నకలని."

వడ్రంగి తలొంచుకున్నాడు. నవ్వాడో లేదో తెలియలేదు.

"ఆ అద్దం ఎందుకు?" అడిగింది ఆవిడ. బెంచీ మీద, ఉలులు పెట్టే చోట ఒక అద్దం నిలబెట్టి ఉంది.

"నిఘా!" అన్నాడు యజమాని. "నేను గేటు దగ్గర నిలబడి మాట్లాడుతుంటే అందులో కనిపిస్తాను. ఇటు వస్తున్నానా లేదా అని చూసుకుంటూ చెక్కుతాడు. దొంగబుద్ధిలో మాత్రం కళాకారుడే."

ఆవిడ నవ్వలేదు. వడ్రంగి వైపు తిరిగింది.

"పదకొండేళ్లు ఒకే వస్తువు చెక్కారంటే లోపల ఏదో బలమైన కారణం ఉండాలి. ఏమిటది?"

వడ్రంగి నోరు విప్పేలోపే యజమాని అందుకున్నాడు.

"కారణమేముందమ్మా? పని ఎగ్గొట్టాలనుకుంటే మామూలోడికి జ్వరం వస్తుంది. ఇలాంటోడికి కళ వస్తుంది."

తన మాటకి తనే నవ్వుకుంటూ వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు. ఆవిడ ఆయన వైపు చూసింది. తన చేతిలో ఉన్నదాన్ని చూసింది. అద్దం చూసింది. తర్వాత ఆ చెక్కచేతిని, నిద్రపోయే పసిబిడ్డని పడుకోబెట్టినంత మెల్లగా అరలో పెట్టింది.

"అడక్కూడనిది అడిగాను. ఏమీ అనుకోకండి," అంది వడ్రంగితో. ఇంకో మాట లేకుండా కారెక్కి వెళ్లిపోయింది.

"డొల్లని పసిగట్టినట్టుంది బావా," అన్నాడు గేటు దగ్గర నుంచి బావమరిది. "నువ్వే బయటపెట్టావుగా! నోరు కాస్త కట్టేసుకుని ఉంటే..."

"పోరా, చెప్పొచ్చావు!"

యజమాని కోపమంతా షెడ్డు వైపు మళ్లింది.

"ఏమయ్యా! గుమ్మంలోకొచ్చిన మనిషిని పంపించేశావు, కడుపు నిండిందా? ఇక విను. రేపు పొద్దున్నే ఈ అర ఖాళీ అయిపోవాలి. ఇవన్నీ పొయ్యిలోకి పోతాయి. నువ్వు మళ్లీ మిషను స్విచ్చు దగ్గరన్నా నిలబడతావు, గేటు బయటన్నా నిలబడతావు. ఏదో ఒకటి తేల్చుకో."

వడ్రంగి ముఖం పాలిపోయింది. "పొయ్యిలోకి వద్దయ్యా. స్విచ్చు దగ్గరికీ వద్దు. ఇంకొక్క నెల ఆగండి."

"నెలలో ఏం ఊడిపడుతుంది?"

"కొలత కుదురుతుందయ్యా. ఇన్నాళ్లూ కంటి అంచనాతో చేశాను. అడగడానికి నోరు రాలేదు."

"కంటి అంచనా అట, కొలత అట! పేరు కోసం కాదు, డబ్బుకి కాదు. మరి ఎవడిని ఉద్ధరించడానికయ్యా ఈ చేతులు?"

వడ్రంగి బెంచీ కింద నుంచి నలభై నాలుగోది తీసి, దగ్గరికొచ్చి, యజమాని చొక్కా ఎడమచేతిని మడిచి గుచ్చిన పిన్నీసు ఊడదీసి, మోచేతికి జానెడు కింద ఆగిపోయిన మొండికి దాన్ని మెల్లగా తొడిగాడు.