వేళ్ళు ఆయనవి, కోపం ఆవిడది

“క్షమించానని ఒక్క మాట అనండి వదినా. తర్వాత నన్ను ఈ గుమ్మం తొక్కనివ్వకపోయినా సరే.”

రంపం మేస్త్రీ గడపకివతలే నిలబడి అన్నాడు. ఆరేళ్ళుగా అతను ఆ గడప దాటలేదు. పక్కన పాస్టరుగారు నుదుటి చెమట తుడుచుకుంటున్నారు. లోపల వడ్రంగి భార్య అప్పటికే అద్దంలా మెరుస్తున్న బల్లను మళ్ళీ తుడుస్తోంది. ఆ ఇంట్లో ఈగ వాలాలన్నా కాళ్ళు కడుక్కుని రావాలని వీధిలో వేళాకోళం. ఇల్లే కాదు, పెరట్లో ఉన్న వడ్రంగి కొట్టులో మేకుల డబ్బాలు కూడా కడిగి ఆరబెట్టే రకం ఆవిడ.

“లోపలికి రండయ్యా, వీధిలో క్షమాపణలేంటి?” అంటూ వడ్రంగి ఎడమ చేత్తో కుర్చీ లాగాడు. కుడి చేతికి బొటనవేలు ఒక్కటే మిగిలింది. “చూశారా అయ్యగారూ, వేళ్ళు నావి, కోపం ఆవిడది. నేను ఆస్పత్రి మంచం మీదే వదిలేశాను. ఆవిడే పట్టుకు కూర్చుంది.”

ఆవిడ తల ఎత్తలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

జరిగింది చర్చిలో అందరికీ తెలిసిందే. కొట్టులో రంపపు మిషను కింద పొట్టు తీయడానికి ఎవరైనా చెయ్యి పెడితే, తోటి పనివాడు మీట దగ్గర ఒక రేకుబిళ్ళ తగిలించాలి. బిళ్ళ ఉన్నంతసేపు ఆ మీట ఎవరూ ముట్టకూడదు. ఆ రోజు చెయ్యి పెట్టింది వడ్రంగి, బిళ్ళ తగిలించాల్సింది మేస్త్రీ. మేస్త్రీ నూనె డబ్బా కోసం బయటికి వెళ్ళిన కాసేపట్లో, బిళ్ళ కనబడక ఇంకో పనివాడు మీట నొక్కేశాడు. తర్వాత వెతికితే బిళ్ళ మేస్త్రీ పనిముట్ల పెట్టెలోనే దొరికింది. ఇంకేముంది, తప్పెవరిదో తేలిపోయింది.

అప్పటినుంచి మేస్త్రీ రంపం ముట్టలేదు. బస్తాలు మోసి బతుకుతున్నాడు. అంతకంటే పెద్ద శిక్ష ఇంకోటి ఉంది. నెలకోసారి రొట్టె, ద్రాక్షారసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి వచ్చేముందు, ఎవరి మనసు నొప్పించారో వాళ్ళ చెయ్యి పట్టుకుని సమాధానపడి రావాలని ఆ చర్చిలో కట్టుబాటు. వడ్రంగి తన ఎడమ చెయ్యి మొదటి నెలే ఇచ్చాడు. భార్య ఇవ్వలేదు. నెలనెలా మేస్త్రీ ఆవిడ వరస దాకా వచ్చి నిలబడతాడు, ఆవిడ తల దించుకుంటుంది, అతను రొట్టె ముట్టకుండానే వెళ్ళిపోతాడు. ఆవిడా ముట్టదు. “పోగొట్టుకున్నాయనకి లేని బాధ ఈవిడకెందుకో. రాయైనా కరుగుతుంది గానీ ఈవిడ కరగదు” అని ఆడవాళ్ళు మొహం మీదే అనేవారు. ఆవిడ సిగ్గుతో చచ్చిపోయేది. చెయ్యి మాత్రం ముందుకొచ్చేది కాదు.

“ఈ రోజు కూడా కాదంటే ఇక చర్చికే రానంటున్నాడమ్మా ఇతను,” అన్నారు పాస్టరుగారు.

“దేవుడు క్షమించాడని మీరు చెబుతారు అయ్యగారూ. నమ్మాలనే ఉంటుంది. వదిన మొహం చూస్తే నమ్మకం జారిపోతుంది,” అన్నాడు మేస్త్రీ.

ఆవిడ చేతిలో గుడ్డ ఆగింది. “క్షమించడానికి నేనెవర్ని అయ్యగారూ?”

“ఆరేళ్ళుగా ఇదే మాట. మనమంతా క్షమాపణ పొందినవాళ్ళమే కదమ్మా. మనకు ఊరికే దొరికింది ఇంకొకరికి ఇవ్వడానికి ఇంత పిసినారితనమా?”

“నాకు అర్హత లేదండీ.”

“ఎవరికుంది గనక?”

“ఇంత మెత్తని మనిషివి, ఇతని దగ్గరే ఎందుకే ఈ మొండితనం?” అన్నాడు వడ్రంగి. “పోనీ, నా మొహం చూసి ఇయ్యి.”

ఆ మొహమే ఆవిడ చూడలేకపోయింది. ఆరేళ్ళుగా ఆయన చొక్కాకు గుండీలు పెడుతోంది. పెట్టినప్పుడల్లా ‘నీలాంటిది దొరకడం నా అదృష్టం’ అంటాడాయన. అన్నప్పుడల్లా భూమి విచ్చుకుని తనను మింగేస్తే బాగుండుననిపిస్తుంది.

చేతులు తుడుచుకుని గడప దాకా వచ్చింది. చెయ్యి చాచింది.

“క్షమించాను,” అంది, తనకే వినబడనంత మెల్లగా.

మేస్త్రీ ఆ చేతిని నుదుటికి ఆనించుకుని వెక్కి వెక్కి ఏడ్చాడు. పాస్టరుగారు “దేవునికి స్తోత్రం” అన్నారు. “నాకు తెలుసు, మా ఆవిడ మనసు వెన్న” అంటూ వడ్రంగి కళ్ళొత్తుకున్నాడు. ఆ మెప్పు వినలేక ఆవిడ మొహం పక్కకు తిప్పుకుంది. పోనీలే, ఇంతటితో అయిపోయింది, అతనూ బతుకుతాడు, తనూ బతుకుతుంది అని సర్దిచెప్పుకుంది.

“ఇంకొక్కటి చెప్పి పోతాను వదినా,” అన్నాడు మేస్త్రీ. “ఇన్నాళ్ళూ పైకి తప్పు ఒప్పుకున్నానే గానీ, లోపల ఏ మూలో బిళ్ళ తగిలించాననే ఉండేది. తగిలించినప్పుడు రేకు గోడకు కొట్టుకున్న చప్పుడు కూడా చెవిలో వినబడేది. నా మనసు నాకే అబద్ధం చెబుతోందని ఎంత కుమిలిపోయానో. మీరు క్షమించాక ఇక ఆ దొంగసాక్ష్యం నాకొద్దు. దేవుడి ముందు ఒప్పుకుంటున్నాను, నేను తగిలించలేదు.”

ఆవిడ చెయ్యి వెనక్కి లాక్కుంది. ముగ్గురూ ఆవిడ వైపు చూశారు. భర్త మొహంలోకి ఒకసారి చూసి, మేస్త్రీ వైపు తిరిగింది.

“నువ్వు తగిలించావయ్యా, కడగడానికని తీసింది నేను, కడిగి నీ పెట్టెలో పెట్టిందీ నేనే.”