ఒక్కరు తక్కువ

క్లాసు నడుస్తుంటే ఆఖరి బెంచీ నుంచి గురక వినపడ్డది.

పిల్లలు కిసుక్కున నవ్విండ్రు. పాఠం చెప్పే సారు గూడ మూతికి చెయ్యి అడ్డం పెట్టుకున్నడు.

గొంగడి భుజాన వేసుకొని నిద్రపోతున్న ఆ మనిషి పేరు పర్వతాలు. యాభై దాటి ఉంటయి. ఎప్పుడో ఇంటర్ పాసయి, గొర్ల వెంట తిరిగి తిరిగి, ఇప్పుడు బిడ్డల ఈడు పిల్లలతోని కల్వకుర్తిల బీఏ రెండో ఏడు చదువుతాండు.

"ఈ తాతకు డిగ్రీ ఎందుకే?" అన్నది శైలజ.

"గొర్లకు హిస్టరీ చెప్తడంట," అన్నది పక్కనున్న స్నేహలత.

మళ్ల నవ్వులు. శైలజకు మాత్రం నవ్వు రాలే. నవ్వుకునే తీరిక ఉన్నోళ్ళు నవ్వుతరు. ఆమెకు ఇది మూడో కాలేజీ.

మక్తల్‌ల చేరితే, యజమాని ఒకనాడు గేటుకు తాళం వేసి మాయమయిండు. పాలమూరు పోతే, మంది లేరని గ్రూపే ఎత్తేసిండ్రు. ఇదేందని అడిగితే జవాబు చెప్పెటోడు లేడు. పిల్లలంటే ఏమనుకున్నరో, ఈ దొడ్లకెంచి ఆ దొడ్లకు తోలుడే!

"ఇదే ఆఖరు బిడ్డా," అన్నడు బాపు, బస్సెక్కించేటప్పుడు. "మళ్ల కాలేజీ మారాలంటే నాతోని గాదు. మీ అమ్మ వెంట పత్తి ఏరనీకి పో."

ఆ పొద్దు ప్రిన్సిపాల్ నాగేందర్ సారు క్లాసుకు వచ్చిండు.

"రేపు యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తాంది. గ్రూపుకు పదిహేను మంది కనపడాలె. లేకుంటే గ్రూపు ఎత్తేస్తరు."

శైలజ గబగబ తలకాయలు లెక్కపెట్టింది. తనతోని పదహారు. బతికిన అనుకున్నది.

మళ్ల ఆఖరి బెంచీ దిక్కు చూసింది. అదే గొంగడి, అదే గురక. కమిటీవాళ్ళు చూస్తే బోగస్ అడ్మిషన్ అంటరు. ఈయనొక్కనితోని అందరి కొంప మునుగుతది.

క్లాసు అయినంక గేటు కాడ ఆయనను ఆపింది.

"పెద్దనాయినా, రేపొక్కనాడు రాకు."

"ఎందుకు బిడ్డా?"

"నిన్ను జూస్తే కమిటీవాళ్ళు ఇది క్లాసా, గొర్ల దొడ్డా అంటరు."

ఆయన మొఖం చిన్నబోయింది. మాట ఎంత మొరటుగ వచ్చిందో శైలజకు తెలిసింది. అయినా ఆగలే.

"నీకు పోయేదేమున్నది? మాకైతే బతుకు పోతది."

"నేను రాకుంటే లెక్క తక్కువైతది గాదు?"

"నేను కొత్తగ వచ్చిన గద! నువ్వు లేకున్నా పదిహేను మందిమి అయితం."

"సక్కగ చూసుకున్నవా?"

"చూసుకున్న."

పర్వతాలు మొఖం విప్పారింది.

"గట్లయితే మంచిదే. నేను లేకుండనే నడుస్తదంటే అంతకంటె ఏం గావాలె," అని గొంగడి సర్దుకొని పోయిండు.

తెల్లారి కమిటీ వచ్చింది. అందుల ఒక మేడం హాజరు పిలిచింది. శైలజ పేరు రాలే.

"మేడం, నా పేరు పిలువలేదు."

"నీ టీసీ ఏదమ్మా?"

"మొదటి కాలేజీకి తాళం పడ్డది మేడం. టీసీ ఇచ్చెటోళ్ళే లేరు."

"టీసీ లేకుంటే పేరు ఎక్కదు. పేరు ఎక్కకుంటే నువ్వు లేనట్టే."

"మీ ఎదురుంగనే నిలబడ్డ గద!"

"కూర్చో."

'టీసీ సంగతి తర్వాత చూద్దాం, పోయి క్లాసుల కూసో' అన్న ప్రిన్సిపాల్ ఇప్పుడు కిటికీ దిక్కు చూస్తాండు.

"పద్నాలుగు," అన్నది మేడం.

"ఇంకొకాయన ఉన్నడు మేడం. పర్వతాలు. ఒక్క పూట గూడ మానడు," అన్నడు ప్రిన్సిపాల్.

"ఏడి?"

అందరు ఆఖరి బెంచీ దిక్కు చూసిండ్రు. శైలజ తలకాయ వంచుకున్నది.

"కంటికి కనపడ్డోళ్ళే మాకు లెక్క," అని మేడం సంతకం పెట్టి లేచింది.

పొద్దు వాలకముందే గ్రూపు ఎత్తేసిండ్రు. స్నేహలతకు నల్లగొండ కాలేజీ పడ్డది. కొందరికి ఇంకెక్కడెక్కడనో పడ్డది. ఏడ్చుకుంట సర్దుకున్నరు. శైలజకు అదీ లేదు. పేరే లేని పిల్లను యాడికని మారుస్తరు?

పర్వతాలు వచ్చి కమిటీ ముందట నిలబడితే మళ్ల లెక్క చూస్తరేమో. ఆ ఒక్క ఆశతోని ఆటో ఎక్కి ఆయన ఊరికి పోయింది.

ఊరి బయటనే గొర్ల మంద కనపడ్డది. మంద వెంట తన ఈడు పిల్ల, చేతుల కట్టె.

"పర్వతాలు పెద్దనాయిన ఏడి?"

"మా నాయిన గొర్ల మందులకు పోయిండు. నువ్వు కాలేజీ పిల్లవా?" ఆ పిల్ల ఎగిరినంత పని చేసింది. "మీరు మస్తుమంది అయిన్రంట గద! ఇగ తనతోని పని లేదని నాయిన రాత్రి ఒకటే ఖుషి."

శైలజ మాట మార్చి నోటికొచ్చింది అడిగింది.

"నువ్వు చదువుకోలేదా?"

"నాది గూడ అదే కాలేజీ, అదే గ్రూపు."

తప్పిపోతున్న గొర్రెపిల్లను కట్టెతోని మందలకు మలుపుకుంట అన్నది ఆ పిల్ల:

"ముందటేడు ఒక్కరు తక్కువైన్రని ఎత్తేసిండ్రు, దూరం పోలేక నేను గొర్లల్లకు వచ్చిన, ఇగ ఏ పిల్లకూ గా ఒక్కరు తక్కువ గావొద్దని, నిరుడు గ్రూపు మళ్ల పెట్టంగనే మా నాయిన పోయి తన పేరు రాపిచ్చుకున్నడు."