కంప్యూటర్ కడుపులో ఫోను

యూరిమ్ అన్నిటికన్నా ఎక్కువ భయపడేది ఒక్కదానికే: కొడుకు దోజిన్ కంటికి కనబడకుండా పోవడానికి.

ఐదో తరగతికి వచ్చాక వాడు సాయంత్రాలు ఇంట్లో ఉండటం మానేశాడు.

"ఎక్కడికిరా?"

"హ్యోక్ వాళ్లింటికమ్మా. అందరం ఫోన్లలో ఆట ఆడుకుంటాం. మా జట్టు పేరు పులిపంజా."

ఫోన్ చేస్తే విసుక్కుంటాడు. వెంట వెళ్తే పరువు పోయిందంటాడు. పోహాంగ్‌లో వాళ్లిల్లు సముద్రం పక్కనే. పిల్లాడు కనబడకపోతే ఆమెకి అలల చప్పుడే వినబడుతుంది.

ఆమె తమ్ముడు సంగూక్‌ని పిలిచింది. "ఆ ఆటలో నేనూ దూరాలిరా. వాడికి తెలియకూడదు."

"నీ ఫోన్‌తో వెళితే ఇట్టే పట్టేస్తాడక్కా. కంప్యూటర్ కడుపులో ఇంకో ఫోన్ పెట్టిస్తా."

"దొంగ ఫోనా?"

"అసలు ఫోనే కాదు. ఉత్త బొమ్మ. ఆ సంగతి ఆటకి తెలీదు. అక్కడ మాటలన్నీ టైపు చేయడమే. నువ్వు పక్క క్లాసు కుర్రాడిలా మాట్లాడు చాలు. 'స్వెటర్ వేసుకో నాన్నా' అన్నావో, నీ పని అయిపోయినట్టే!"

కంప్యూటర్ తెర మీద ఒక ఫోన్ తెరుచుకుంది. జట్టులో ఒక్క చోటే మిగిలి ఉంది. యూరిమ్ 'ఉరుము' అని పేరు పెట్టుకుని దూరిపోయింది.

అందరికీ మారుపేర్లే. ఇందులో తన కొడుకు ఎవరో తెలియలేదు. అయినా ప్రాణం కుదుటపడింది. ఎంత బుద్ధిమంతులో!

"ఏరా, అన్నం తిన్నావా?" అని అడిగేవాడు పిడుగు.

"లెక్కల్లో ఎన్నొచ్చాయిరా?" అనేవాడు కెప్టెన్ గద్ద.

"క్లాసులో నిన్నెవరైనా ఏడిపిస్తున్నారా? నాతో చెప్పరా, ఎవరికీ చెప్పను," అనేవాడు తోడేలు.

కాకపోతే ఆటే రాదు ఒక్కడికీ. శత్రువు ఎదురైతే అందరూ కలిసి గోడకి గుద్దుకునేవారు. రోజూ సాధన చేసి ఇంత ఘోరమా అని యూరిమ్‌కి జాలేసింది.

దోజిన్ మాత్రం చీకటి పడేసరికి బుగ్గలు ఎర్రబడి, చొక్కా చెమటతో తడిసి, నకనకలాడుతూ వచ్చి సముద్రపు నాచు సూప్ గిన్నెడూ ఖాళీ చేసేవాడు. కూర్చుని ఆడినా ఇంత అలసట ఉంటుంది కాబోలు అనుకునేది.

తెరలో వాడు భద్రంగా ఉన్నాడు. అలల చప్పుడు వినబడటం మానేసింది.

ఆ శుక్రవారం ఆట మంచి ఊపు మీదుంది. కోట తలుపు దాకా ఎలాగో చేరారు. సరిగ్గా అప్పుడు కెప్టెన్ గద్ద అన్నాడు:

"ఒక్క నిమిషం ఆగండ్రా, మా అత్తగారు పిలుస్తున్నారు."

కోట ముందు అందరూ బొమ్మల్లా నిలబడిపోయారు.

పిడుగు అడిగాడు: "అంటే... మీరు కూడానా అండీ?"

పులిపంజా జట్టు జట్టంతా ఇప్పుడు పిల్లల్ని వెతకడానికి బయల్దేరుతూ చెప్పులు వెతుక్కుంటున్న అమ్మలే. మీవాడు కూడా స్నేహితుడింట్లో ఫోన్ ఆట ఆడుకుంటున్నానని చెప్పి వెళ్లుంటే, దయచేసి ఒకసారి లేచి ఎక్కడున్నాడో చూసి రండి.