పాత బోర్డు

శనివారం తెల్లవారుజాము నుంచి రేపల్లెలో ముసురు పట్టింది. ముబీనా మూడు జాకెట్లకు హుక్కులు కుట్టి ఇచ్చేసి హైదరాబాదు రైలెక్కింది.

ఆదివారం పొద్దున, పదకొండేళ్లు కాపురమున్న వీధిలో, తమ పాత కొట్టు ముందు నిలబడింది. ఇప్పుడక్కడ సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. పైన ‘హనీఫ్ టైలర్స్’ బోర్డు మాత్రం అలాగే ఉంది.

“రేపు దించేస్తున్నానమ్మా. మీ మాట మీద ఆరు నెలలు ఆగాను,” అన్నాడు కొట్టతను.

“ఇంకొక్క నెల ఉంచు బాబూ, నీ కాళ్లు పట్టుకుంటాను.”

“అయ్యో, అంత మాటెందుకమ్మా! మీరు రేపల్లెలో కుట్టుకుంటుంటే ఇక్కడ బోర్డు ఏం చేసుకుంటారు? నా ఫోన్లకి కొలతలు తీస్తారా?”

ముబీనా కొంగు తల మీదికి లాక్కుంది. “మా ఆయన మతి తప్పి, రైలెక్కి ఎటో వెళ్లిపోయారు. పేరడిగితే చెప్పలేరు. ఒంటిమీద ఆయన కుట్టుకున్న చొక్కా. కాలరు లోపల ఈ కొట్టు పేరు, ఈ వీధి అడ్రసు ఉన్న చీటీయే ఉంది. ఊరు మారాక నేను దాన్ని మార్చలేదు. ఎవరైనా తీసుకొస్తే ఇక్కడికే తెస్తారు.”

“ఎన్నాళ్లయింది?”

“రెండేళ్లు.”

“ఆ చొక్కా ఈపాటికి చిరిగిపోయుంటుందమ్మా.”

“ఆయన కుట్టు అంత త్వరగా ఊడదు బాబూ.”

ముబీనా సాయంత్రం రైలుకు వెళ్లిపోయింది. సోమవారం పది గంటలకు బోర్డు దించారు.