పన్నెండు బొమ్మలు

పదమూడేళ్ల శరణ్యకు మాట రాదు. మాట రాని పిల్లలందరికీ ఇప్పుడున్నట్టే ఆమె మెడలోనూ ఒక మాట్లాడే ఎలక్ట్రానిక్ పలక ఉంది. ఆమె కంటిచూపును బట్టి ఆ పలకే సొంతంగా వాక్యాలు అల్లి పలుకుతుంది. "అమ్మా, ఉప్మా అద్భుతంగా ఉంది, ఇంకొంచెం పెట్టవా?" అని మూడేళ్లుగా రోజూ అంటుంటే తల్లి హైమవతి మురిసిపోయేది.

ఆ పొద్దున నెట్ పోయింది. పలక మీద, నొక్కితే ఒక్కో మాట పలికే చిన్నప్పటి పన్నెండు బొమ్మలే మిగిలాయి. హైమవతి అలవాటు కొద్దీ రెండోసారి ఉప్మా వడ్డించబోయింది. శరణ్య ఒక బొమ్మ నొక్కింది.

"వద్దు."

హైమవతి చేతిలో గరిటె గాల్లోనే ఆగిపోయింది. "అదేంటే, రోజూ నువ్వేగా ఇంకా పెట్టమంటావు?"

శరణ్య పలకను వేలితో పొడిచి చూపించింది. తర్వాత నింపాదిగా మూడు బొమ్మలు నొక్కింది.

"అది. నేను. కాదు."